బీరువాలో గుళికలు

మా అత్త పొద్దున్నే వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు డబ్బాలో చెయ్యి పెట్టి కెవ్వుమంది. తేలు కుట్టిందేమో అనుకుని పాలగిన్నె పొయ్యి మీదే వదిలేసి పరిగెత్తాను. తేలయినా బాగుండేది, చెప్పుతో ఒక్కటేస్తే పోయేది. ఆవిడ పిడికిట్లో ముగ్గుపిండితో పాటు మా పిల్లికూన చేసిన నిర్వాకం ఉంది. చక్కగా కప్పెట్టింది కూడా, దొంగముండ.

"ఏమే! నీ పిల్లికి దొడ్డికి కూచోటానికి నా ముగ్గు డబ్బానే దొరికిందా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఆ పిండి నా మొహాన కొడుతుందని పెదవి కొరుక్కుని నిలబడ్డాను. మెత్తటి పొడి, లోతైన డబ్బా, సగం తీసిన మూత. పిల్లి బుద్ధితో ఆలోచిస్తే అంతకంటే మంచి చోటు మా ఇంట్లో లేదు మరి.

"ఇంకొక్కసారి," అంది మా అత్త, చెయ్యి కడుక్కుని వచ్చి. "గడప లోపల ఇంకొక్కసారి ఈ కంపు నా ముక్కుకు తగిలిందో, గోతాంలో ఏసి మూతి కట్టి కాలవ దాటిస్తా. ఎవరడ్డమొచ్చినా సరే."

దాంతో నా నవ్వు పోయింది. మా వైపు కాలవ దాటించడమంటే ఉత్త బెదిరింపు కాదు. పిల్లిని ఎక్కడ వదిలినా వాసన పట్టుకుని ఇంటికొచ్చేస్తుందనీ, నీళ్ళు దాటిస్తే మాత్రం దారి మరిచిపోతుందనీ నమ్మకం. అందుకని గోతాంలో వేసి, సాగర్ కాలవ వంతెన దాటించి, అవతల చేలల్లో విప్పి వదిలేస్తారు. అలా వెళ్ళిన పిల్లి ఒక్కటి కూడా తిరిగొచ్చినట్టు నేను వినలేదు. దారే మరిచిపోయిందో, కుక్కలకే దొరికిందో ఎవరు చూశారు? మా అత్త ఊరికే మాట అనే మనిషి కాదు. అందంటే చేసిందే.

ఆ కూన మా ఇంటికొచ్చి అప్పటికి వారం కూడా కాలేదు. బెల్లంకొండ దగ్గర మా చేలో తీసిన పత్తి బోరాలు ట్రాక్టర్‌లో నరసరావుపేట తెచ్చి దించుతుంటే, ఒక బోరా మ్యావ్ అంది. విప్పి చూస్తే బూడిద రంగు కూన, అరచేతిలో పట్టేంత. మా ఆయన దాన్ని మెడ పట్టుకుని గోడ అవతల పెట్టబోతుంటే నేను లాక్కున్నాను.

ఎందుకు లాక్కున్నావంటే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని. మా అమ్మాయి ఇంటర్ చదువుకని గుంటూరు హాస్టల్‌కి పోయింది. మా ఆయన మిరపకు నీళ్ళు పెట్టాలని సగం రోజులు చేలో కొట్టంలోనే ఉంటాడు. ఇక ఇంట్లో నేను, మా అత్త, హాల్లో గోడ మీద మా ఆడబిడ్డ ఫోటో. రెండు జడలు, లంగా ఓణీ, కాస్త అలిగినట్టుండే మొహం. ఆ పిల్లను నేను చూడలేదు. నా పెళ్ళికి ముందే జ్వరం వచ్చి పోయిందని చెప్పారు. శుక్రవారం శుక్రవారం మా అత్త ఆ ఫోటో తుడిచి, పూలు పెట్టి, కాసేపు దాని ముందే కూర్చునేది. ఒక్క మాట మాట్లాడేది కాదు, ఎవర్నీ మాట్లాడనిచ్చేది కాదు. నేనేమో నిద్రలో కూడా మాట్లాడే రకం. అమ్మాయి పోయాక ఆ ఇంట్లో నాకు ఊపిరాడేది కాదు. అన్నం సయించేది కాదు. కూన ఒళ్ళో పడుకుని గుర్రుగుర్రుమంటుంటే మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చేది. దాన్ని వదులుకోవడం నావల్ల కాదు, అంతే.

పాపం దానిది మాత్రం ఏం తప్పు? మాది ముందంతా సిమెంటు, వెనకంతా నాపరాళ్ళు. మట్టి అనేది పూలకుండీల్లో తప్ప ఎక్కడా లేదు. ఫోన్ చేసి అమ్మాయికి మొర పెట్టుకున్నాను.

"అమ్మా, దానికి నేర్పేది ఏం లేదు. కప్పెట్టుకోవాలని దానికి పుట్టుకతోనే తెలుసు. నువ్వు చోటు చూపిస్తే చాలు," అంది. వాళ్ళ హాస్టల్లో ఒకమ్మాయి ఇంట్లో పిల్లి ఉందట, అన్నీ కనుక్కుని చెప్పింది. తిన్న వెంటనే తీసుకెళ్ళి తొట్టిలో దించాలి. ముందుకాళ్ళు పట్టుకుని మెల్లగా గోకించాలి. అరవకూడదు, కొట్టకూడదు, దాని ముక్కు అందులో రాయకూడదు. చోటు మార్చకూడదు. తొట్టి మురికిగా ఉంటే అది అందులోకి పోదు, బయట పోతుంది.

సరేనని మెట్ల కింద, మోటారు గూటి పక్కన, పాత బట్టలు నానబెట్టే తొట్టి ఒకటి పెట్టి, దానికి పాత దుప్పటి అడ్డం కట్టాను. పక్కనే ఇల్లు కడుతున్నారు కదా అని మేస్త్రీని అడిగి ఇసుక తెచ్చి పోశాను. కూన వెళ్ళింది. నాకు పండగే అనుకున్నాను. కానీ వచ్చేటప్పుడు కాళ్ళకు సగం ఇసుక మోసుకొచ్చేది. దుప్పట్లలో ఇసుక, పప్పు డబ్బా కింద ఇసుక, మా అత్త అరికాళ్ళ కింద కరకర. పైగా తడిసిన ఇసుక బురదై, ఎండకు కంపు లేచేది. ఇసుక తీసి ఊక పోశాను. అది గాలికి లేచి పిల్లి ఒంటికంతా అంటుకుని, ఊకలో పొర్లిన ఉడతలా తయారైంది. పేపర్లు చింపి వేశాను. మహారాణి వాటి మీద పడుకుని నిద్రపోయి, లేచి, పక్కన నేల మీద పని కానిచ్చుకుంది.

ఆ రోజుల్లో నా బతుకు కుక్కలు చింపిన విస్తరే. దాని వెనకే తిరిగేదాన్ని. మూల కనిపిస్తే వాసన చూసేది. ఒకే చోట రెండు చుట్లు తిరిగిందంటే నా గుండె జారేది. చేతిలో ఏముంటే అది పారేసి, దాన్ని ఎత్తుకుని మెట్ల కిందకు ఉరికేదాన్ని. ఒకసారి నేను స్నానానికి పోయి వచ్చేలోపు టీవీ బల్ల వెనక చేసేసింది. మా అత్త పక్కింటి పిన్ని దగ్గర కూర్చుని ఉంది. గొంతు వినిపిస్తూనే ఉంది, లేస్తున్నట్టే ఉంది. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, తుడిచి, ఫినాయిల్ గుమ్మరించి, గుడ్డ గోడ అవతలకు విసిరేశానో లేదో గుమ్మంలోకి వచ్చేసింది. ముక్కు ఎగబీల్చింది.

"ఏందే ఈ ఫినాయిల్ వాసన?"

"బల్లి చచ్చిందత్తా."

"బల్లికి బాటిలంతా పోశావా?"

కూనేమో ఏమీ ఎరగనట్టు సోఫా మీద కాళ్ళు చాపుకుని ముడ్డి నాక్కుంటోంది.

ఇక లాభం లేదని అమ్మాయి చెప్పింది, పిల్లుల కోసం అమ్మే మట్టి ఉంటుందట, తడి తగిలితే ఉండ కడుతుందట, ఆ ఉండ తీసి పారేస్తే చాలట, వాసన కూడా రాదట. ఆన్‌లైన్‌లో పెడతానంది. ఫోన్ స్పీకర్‌లో ఉందని చూసుకోలేదు. మా అత్త వింది.

"దొడ్డికి కూచోటానికి మట్టి కొంటారా? కొనుక్కొచ్చే మట్టి! విన్నోళ్ళు నవ్విపోతారు. మీ మామ ఉన్నప్పుడు పేటలో పెద్దోళ్ళంతా ఈ అరుగు మీదకొచ్చి పంచాయితీ చెప్పించుకునేవాళ్ళు. ఇప్పుడేమో పిల్లి దొడ్డి కాడికి కొరియరోడు వస్తాడా?"

సరేలే వద్దులే అత్తా అని, గది లోపలికి పోయి తెప్పించమని అమ్మాయికి మెసేజ్ పెట్టాను.

కొరియర్ అబ్బాయి మధ్యాహ్నం వచ్చాడు. మా అత్త కునుకు తీస్తోంది. బస్తా మీద ఇంత పెద్ద తెల్లపిల్లి బొమ్మ! అది ఇంట్లో ఉంటే ఇంకేమన్నా ఉందా? లోపల సరుకంతా రెండు తెల్ల కవర్లలో పోసి, మూతులు ముడేసి, బీరువాలో పట్టుచీరల కింద దాచాను. బొమ్మ ఉన్న సంచి మడిచి చెత్త బండిలో పడేశాను. చూడటానికి అది బూడిద రంగు గుళికలు, మధ్యమధ్య నీలం పూసలు, ముక్కు మండే ఒక సబ్బు వాసన. అచ్చం చేలో చల్లే గుళికల మందులాగే ఉంది. అమ్మాయి దాన్ని లిట్టర్ అనేది. నాకు నోరు తిరక్క గుళికలే అనేదాన్ని.

వాడకం మొదలుపెట్టాను. పోస్తుంటే దుమ్ము లేచి తుమ్ములొచ్చేవి, అందుకని మొహానికి తువ్వాలు కట్టుకుని, చేతులకు కవర్లు తొడుక్కుని పోసేదాన్ని. తర్వాత చేతులు సబ్బుతో రుద్దిరుద్ది కడిగేదాన్ని. ఇదంతా మా అత్త చూడట్లేదనే అనుకున్నాను. కూనకు మాత్రం మట్టి నచ్చింది. ఎత్తుకెళ్ళి దించితే గోకేది, కూర్చునేది, కప్పెట్టేది. తనంతట తను పోవడం మాత్రం ఇంకా రాలేదు. దానికి ఇంకొన్నాళ్ళు పడుతుందని అమ్మాయి చెప్పింది.

ఆ ఇంకొన్నాళ్ళే దొరకలేదు. మా ఆయన చేను నుంచి వచ్చిన రోజు, కూన తనంతట తనే మెట్ల కిందకు వెళ్ళింది. దుప్పటి పక్కకు నెట్టి లోపలికి దూరడం నా కళ్ళతో చూశాను. సరిగ్గా అప్పుడే మా ఆయన మోటారు వేశాడు. భడభడమని మోటారు మోగేసరికి అది బెదిరి, ఒక్క గెంతు గెంతి, హాల్లోకి ఉరికి, ఆయన విడిచిన చొక్కా మీద పోసేసింది.

మా అత్తకు చెప్పనక్కర్లేకుండానే వాసన తగిలింది. "చెప్పానా లేదా?" అంది నన్ను కాదు, కొడుకును.

"రేపు చేనుకు పోయి ఆదివారం మళ్ళీ వస్తాగా, అప్పుడు గోతాంలో ఏసుకుని పోయి కాలవ దాటిచ్చేస్తాలే. ఒక పిల్లి కోసం ఇంట్లో ఇంత గోల ఏంది?" అన్నాడు ఆయన తాపీగా.

ఆ తాపీ చూసేసరికి నా ఒళ్ళు మండింది. "మోటారేసింది నువ్వు! అదొచ్చి దాని చోట్లో అది కూచోబోతంటే బెదరగొట్టింది నువ్వు! దాన్ని దాటిచ్చేది ఏందయ్యా? నేనే ఇంత మందేసుకుని చస్తా, అందరికీ పీడా పోద్ది!"

ఈ మాట గురించి చెప్పాలి. మా వైపు ఆడవాళ్ళకు కోపమొస్తే ముందుగా నోట్లోంచి ఊడిపడే మాట ఇదే. కూర మాడితే అంటాం, పిల్లలు చదవకపోతే అంటాం, చుట్టాలు చెప్పకుండా దిగితే తలుపు చాటున అంటాం. అని, మరుక్షణం మరిచిపోయి వక్క నోట్లో వేసుకుంటాం. నా తల్లి అంది, నేనూ అన్నాను. దానికి మందుతోనూ చావుతోనూ ఏ సంబంధమూ లేదు.

మా అత్త అన్నం తపేలా పట్టుకుని నిలబడి ఉంది. ఏదో ఒకటి అంటుందని, నేను దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఏమీ అనలేదు. తపేలా కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. నోరున్నదే గెలుస్తుంది అనుకున్నాను నేను.

మర్నాటి నుంచి ఆవిడ మారిపోయింది. పిల్లి మాటే ఎత్తలేదు. అది కాళ్ళకు అడ్డం వచ్చినా తిట్టలేదు. నాకు అన్నం పెట్టి ఎదురుగా కూర్చుని, ప్రతి ముద్దా లోపలికి పోయేదాకా చూసేది. "తిను. ఇంకాస్త ఏసుకో," అనేది. స్నానాల గదిలోకి పోతే గుమ్మం దగ్గర నిలబడి, "గడె పెట్టమాక, బిగుసుకుపోతంది అది," అనేది. మధ్యాహ్నం చాప తెచ్చుకుని నా గది గుమ్మానికి అడ్డంగా పడుకోవడం మొదలుపెట్టింది. చేను మందులూ ఎరువులూ పెట్టే వెనక కొట్టుగదికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. నేను గుడికి పోతే తనూ వచ్చేది. మొగుడూ కూతురూ కాదు, అత్త నాకు నీడైంది!

నాకు భయం పట్టుకుంది. ఇదంతా పిల్లి కోసమే అనుకున్నాను. నన్ను కనిపెట్టి ఉండి, కాస్త ఏమరుపాటుగా ఉన్నప్పుడు చూసి దాన్ని ఎత్తుకుపోతారు. ఆదివారం దాకా ఆగితే గదా! కూనను ఒక్క క్షణం వదల్లేదు. ఒక పొద్దున బీరువా తీస్తే పట్టుచీరల మడతలు చెదిరి ఉన్నాయి. కవర్లు మాత్రం ఉన్నాయి. ఒక కవరు ముడి నేనేసిన ముడిలా లేదు. అత్త చూసిందన్నమాట. చూసీ నన్ను ఒక్క మాట అడగలేదేంటి? అరవాల్సిన మనిషి అరవకపోతే, అరుపు కంటే అది ఎక్కువ భయం.

వెంటనే అమ్మాయికి ఫోన్ చేసి, వరండాలో ఒక మూలకు పోయి గొంతు తగ్గించి మాట్లాడాను. "మీ నాయనమ్మ గుళికలు చూసిందే. బీరువాలో చీరల కింద పెట్టినయ్యి. ఏమీ అనలా. అయినా ఇంకెంతలే, ఇంకొక్క నాలుగు రోజులు. పని అయిపోద్ది. ఆ తర్వాత ఈ ఇంట్లో ఎవరికీ నా వల్ల బాధ ఉండదు. నువ్వు మాత్రం మీ నాన్నకు చెప్పమాక."

నాలుగు రోజుల్లో కూనకు పూర్తిగా అలవాటైపోతుందని నా భావం. తిరిగి చూస్తే తలుపు పక్కన అత్త చీర అంచు కనబడి లోపలికి పోయింది.

ఆదివారం దాకా ఆగలేదు. మర్నాడే, పొద్దు బాగా ఎక్కకముందే, మా ఆయన బండి వాకిట్లో ఆగింది. చేలో ఇద్దరు కూలీలను వదిలేసి మనిషి వచ్చేశాడంటేనే ఏదో ఉంది. బండి వెనక మడిచి పెట్టిన గోతాం ఉంది.

గోతాం చూశాక నేనింకేమీ చూడలేదు. సోఫా మీది కూనను చంకలో దోపుకుని, గదిలోకి ఉరికి, తలుపు వేసి గడె బిగించాను.

"అమ్మాయ్!" బయట అత్త గొంతు. అలా ఎప్పుడూ వినలేదు నేను ఆ గొంతు. "తలుపు తియ్యమ్మా. తియ్యమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా, తలుపు తియ్యి."

"తియ్యను!" అన్నాను. కాళ్ళు పట్టుకుంటుందట! కోడలి కాళ్ళు పట్టుకుని పిల్లిని కాలవ దాటిద్దామనా? నేనంత పిచ్చిదాన్నా?

"నువ్వు చెప్పినట్టే వింటాం, ఒట్టు. ఒరేయ్, నువ్వు చెప్పరా!"

"ఏవే, తలుపు తియ్యి. మాట్లాడుకుందాం," అన్నాడు మా ఆయన. గొంతు వణుకుతోంది. ఆ మనిషి గొంతు వణకడం నాకు కొత్త. అయినా కరగలేదు నేను.

ఇంతలో మంచం మీద కూన రెండు చుట్లు తిరిగింది. నా దుప్పటి వాసన చూసింది. మూడో చుట్టు మొదలుపెట్టింది. ఓరి దేవుడా, ఇప్పుడా! ఇప్పుడు గానీ ఇది ఇక్కడ చేసిందంటే, ఇన్నాళ్ళ నా పోరాటమంతా బూడిదలో పోసినట్టే. ఉతికిన బట్టలున్న తొట్టిని ఒక్క తన్ను తన్ని, బట్టలన్నీ కింద పడేసి, ఖాళీ తొట్టి నిలబెట్టాను. బీరువా తలుపు లాగాను. అది కిర్రుమంది.

"బీరువా తీసిందిరా! అబ్బాయ్, బీరువా తీసింది!" బయట అత్త అరుపు.

"తీస్తే తీశా, నా బీరువా నా ఇష్టం!" అని, కవరు లాగి పళ్ళతో ముడి విప్పుతూ అరిచాను. "ఒక్క నిమిషం ఆగండి, అయిపోద్ది!"

బయట ఏడుపు లేచింది. ఆ తర్వాత తలుపు మీద భుజంతో ఒక గుద్దు, ఇంకో గుద్దు. గడె మేకులతో సహా ఊడి వచ్చి నా కాళ్ళ దగ్గర పడింది.

అప్పటికే గుళికలు తొట్టిలో పోసేసి, నేను చేతిలో ఖాళీ కవరుతో నిలబడి ఉన్నాను. పళ్ళతో విప్పాను కదా, మూతికీ గడ్డానికీ బూడిద దుమ్ము. మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. మా అత్త మోకాళ్ళ నొప్పులతో మెట్టు దిగలేని మనిషి, ఒక్క ఊపున వచ్చి నా మీద పడింది. నా దవడలు పట్టుకుని నోరు తెరిచి, రెండు వేళ్ళు గొంతులోకి తోసింది.

"ఉమ్మెయ్యి! కక్కెయ్యమ్మా! ఎంత తిన్నావు? ఒరేయ్, ఉప్పునీళ్ళు తేరా! బండి తియ్యరా! ఎంత తిన్నావే తల్లీ, చెప్పు!"

నాకు ఓకరింత వచ్చింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బలమంతా పెట్టి ఆవిడ చెయ్యి లాగేశాను. "ఏందత్తా ఇది? పిచ్చి పట్టిందా నీకు? తినటమేంది? అది పిల్లి దొడ్డికి మట్టి!"

మా ఆయన నా చేతిలోని ఖాళీ కవరు వైపు చూశాడు.

అప్పుడే తొట్టిలో నుంచి గరగరమని గోకుడు వినిపించింది. ముగ్గురం అటు తిరిగాం. కూనను నేను ఎత్తి దించలేదు, కాళ్ళు పట్టి గోకించలేదు. తనంతట తనే దిగింది. చిన్న గొయ్యి తీసి, వెనక్కి తిరిగి, తోక ఎత్తి, ఎక్కడో దూరంగా చూస్తూ కూర్చుంది. మేమెవరమూ దానికి లెక్కలేదు. పని అయ్యాక లేచి వాసన చూసుకుని, ఓపిగ్గా, శ్రద్ధగా కప్పెట్టింది.

మా ఆయన వంగి ఒక నీలం పూస తీసి వాసన చూశాడు. "సబ్బు," అన్నాడు. నవ్వబోయాడు, తల్లి మొహం చూసి ఆగిపోయాడు.

మా అత్త నేల మీద కూలబడి ఉంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటికంటిన దుమ్ము చూసుకుంటోంది.

"మా చిన్నదీ ఇట్టానే తలుపేసుకుంది," అంది.

నాకు ముందు అర్థం కాలేదు. ఆవిడ చూపు గుమ్మం దాటి హాల్లోకి పోయింది, గోడ మీదకు. రెండు జడల పిల్ల.

"జ్వరమన్నారు గదా అత్తా."

"జ్వరమని మేం చెప్పుకున్నాం." కొంగుతో చేతులు తుడుచుకోబోయి మానేసింది. "ఏందో చిన్న మాటకు అలిగింది. ఇంత మందేసుకుని చస్తా అంది. అందరూ అనే మాటేగా, నేనూ అంటానేగా అనుకున్నా. మర్నాడు తలుపేసుకుంటే, అలక తీరితే అదే తీసుద్దిలే అని మిద్దె మీదకు పోయి మిరపకాయలు ఎండబోసుకున్నా. కాయలన్నీ పోసి, పరిచి, దిగొచ్చా."

అంతకు మించి చెప్పలేదు. పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. దుమ్ము, కన్నీళ్ళు, నా ఉమ్మి, అన్నీ కలిసి ఆ చెయ్యి జిగటగా ఉంది. వదల్లేదు. ఆవిడా విడిపించుకోలేదు.

గోతాం దేనికని తర్వాత మా ఆయన్ని అడిగాను. కొట్టుగదిలో మందు డబ్బాలన్నీ దాంట్లో వేసి చేలో కొట్టానికి చేర్చమని అమ్మ ఫోన్ చేసిందన్నాడు. ఆ రోజే చేర్చేశాడు. ఇప్పుడా గదిలో పప్పులూ పచ్చళ్ళూ ఉంటాయి. తలుపు గడె మళ్ళీ బిగించలేదు, ఆ మేకుల బొక్కలు అలాగే ఉన్నాయి.

పిల్లి పెద్దదైంది. ఎవరూ చెప్పకుండా మెట్ల కిందకు పోయి వస్తుంది. మా అత్త దాన్ని ఇప్పటికీ తిడుతుంది, ముగ్గు డబ్బాకు గట్టి మూత కొంది. కానీ నేను ఊళ్ళో లేకపోతే జల్లి గంటెతో ఉండలు తీసి పారేసేది తనే. కొరియర్ బండి చప్పుడైతే, "అమ్మాయ్, పిల్లి మట్టి వచ్చినట్టుంది చూడు," అని వీధిలోకి వినబడేలా అరుస్తుంది. గుళికలు అన్న మాట మా ఇంట్లో ఎవరమూ అనం.

నా కోపం మాత్రం ఎక్కడికి పోతుంది? మొన్న మధ్యాహ్నం మా ఆయన ఫోన్ చేసి, సాయంత్రం ఏడుగురు మనుషుల్ని భోజనానికి తెస్తున్నానన్నాడు. ఫోన్ సోఫా మీదకు విసిరికొట్టాను. "ముందుగా ఒక మాటైనా చెప్పకుండా ఏడుగురంట! నేనే ఇంత మ..."

వంటింట్లో కత్తిపీట మీద వంకాయలు తరుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

"ఇంత మజ్జిగ పొయ్యత్తా," అన్నాను. "దాహంగా ఉంది."

కుండ మీద మూత తీసిన చప్పుడైంది. మా అత్త గ్లాసు నిండా మజ్జిగ తెచ్చి నా చేతిలో పెట్టి, చివరి చుక్క తాగేదాకా అక్కడే నిలబడింది.